ఏడో గ్యాలరీ నుంచి కొలత రాలేదు

నమోదు 1
సోమవారం, మొదటి షిఫ్టు

గాలి సర్వీసును, అంటే గ్యాలరీలకు గాలి వదిలే ప్రోగ్రామును, మళ్ళీ మొదటి నుంచి కట్టమని బోర్డు ఆదేశించింది. కారణం ఈ గనిలోనే కాపురముండే మా అందరికీ తెలుసు. పోయిన నెల నాలుగో గ్యాలరీలో కొలత రాయాల్సిన చోట ఎవరో "బాగానే ఉంది" అని కొట్టారు. పాత సర్వీసు ఏం పెట్టినా మింగుతుంది. అక్షరాలను అంకెగా మార్చబోయి సున్నా చేసుకుంది. సున్నా అంటే అక్కడ బొగ్గుపులుసు వాయువు అసలు లేదని అర్థం. వాయువు లేనిచోటికి గాలి ఎందుకని తలుపులు మూసేసింది. ఆ గ్యాలరీలో బడి ఉంది. టీచర్లు చిన్న పిల్లలను చంకనేసుకుని బయటికి పరుగెత్తారు. ఎవరూ చనిపోలేదు కాబట్టి బోర్డు దాన్ని "సంఘటన" అని రాసుకుంది.

ఈసారి కమ్మరితో కడుతున్నాం. అది నల్ల తెర మీద పనిచేసే పనిముట్టు. బొమ్మలుండవు, నొక్కే మీటలుండవు. ఒక వరుస ఆజ్ఞ కొడితే ఒక వరుస జవాబిస్తుంది. ఏ వస్తువు ఏ రకమో ముందే చెప్పాలి. కొలత అంటే సంఖ్య అని చెప్పాక అందులో అక్షరాలు పెడితే కట్టను అంటుంది. కట్టి నడిపించాక కాదు, కట్టకముందే అంటుంది. మా ఇన్‌ఛార్జి వేణుమాధవ్‌కు దాని మీద గొప్ప నమ్మకం. నాకూ ఉంది.

చిక్కు ఏడో గ్యాలరీ దగ్గర వచ్చింది. అక్కడ పుట్టగొడుగుల మళ్ళున్నాయి. నాన్చిన గడ్డి, ఆవిరి, తడి. సెన్సర్ తరచూ మూగబోతుంది. అందుకని ఏడో గ్యాలరీ కొలతను "సంఖ్య, కాకపోతే ఖాళీ" అనే రకంగా రాశాను. కమ్మరి వెంటనే అడిగింది:

"ఏడో గ్యాలరీ కొలత ఖాళీ కావచ్చు. ఖాళీ అయితే ఏం చేయాలో చెప్పలేదు. కట్టను."

న్యాయమైన ప్రశ్న. వేణుమాధవ్‌ను పిలిచాను.

"ఇంతకుముందు ఏం చేసేటోళ్ళు?" అన్నారు.

"నిన్నటి కొలత వేసేటోళ్ళు సార్."

"మరింకేంది? అదే వెయ్యి. పద్ధతే అది."

"పద్ధతిల సగమే అది. నిన్నటి అంకె వేసి, దీపం పట్టుకొని మనిషి పోయేటోడు. పోయి చూసి వచ్చినంక దాన్ని కొట్టేసి కొత్తది రాసేటోడు."

"మనిషి ఏడున్నడు ఇప్పుడు? గాలి చూసే పోస్టులు తీసేసి ఏడాదాయె."

"అందుకే కమ్మరి అడుగుతాంది."

ఆయన నా కుర్చీ పక్కన నిలబడే కీబోర్డు లాక్కున్నారు. "కాకపోతే ఖాళీ" అన్న రెండు మాటలు చెరిపేశారు. సెన్సర్ నుంచి అంకె తీసుకునే చోట, ఏమీ రాకపోతే ఆఖరిసారి వచ్చిన అంకెనే మళ్ళీ ఇవ్వమని రాశారు. ఇప్పుడు కొలత ఎప్పుడూ సంఖ్యే. కమ్మరికి అడగడానికేమీ మిగల్లేదు. కింద పచ్చ గీత వచ్చింది: "అన్ని రకాలు కుదిరాయి."

కట్టిన సర్వీసును నిలబెట్టి నడపాలంటే ఇద్దరి వేలిముద్రలు కావాలి. ఒకటి ఆయన వేశారు. నేను వేయనన్నాను. పక్క బల్ల దగ్గరి నఫీజ్‌ను పిలిచారు. నఫీజ్ నా వైపు చూడకుండా వేలు పెట్టి, ఆయన వెళ్ళిపోయాక అన్నాడు: "ఏం జేయమంటవు సరోజనక్కా? నా లీవు కాగితం ఆయన సొరుగుల ఉంది. నీ లెక్క మొండిగుండాలంటే పెండ్లాం పిల్లలు ఉండొద్దు."

"నాకు అక్క ఉందిరా ఏడో గ్యాలరీల," అన్నాను.

అతను తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.


నమోదు 2
తరువాతి వారం, శుక్రవారం

కొత్త సర్వీసు బాగా నడుస్తోంది. అది రాయకపోతే తప్పవుతుంది. నాలుగో గ్యాలరీలో బడి పిల్లల తలనొప్పులు తగ్గాయి. ఫ్యాన్ల కరెంటు ఆదా అయింది. చైర్మన్ నరహరి మైకులో మా గదిని మెచ్చుకున్నారు. "తప్పు చేయడం కుదరని సర్వీసు" అన్నారు. ఆ మాట వేణుమాధవ్ రాసిచ్చారు.

ఏడో గ్యాలరీ కొలత 0.4 శాతం చూపిస్తోంది. నిన్నా 0.4. మొన్నా 0.4. గాలి ఒక అంకె మీద నిలబడేది కాదు. షిఫ్టు మారినప్పుడు మనుషులు పెరుగుతారు, గడ్డి మార్చినప్పుడు వాయువు పెరుగుతుంది. మిగతా గ్యాలరీల అంకెలన్నీ కదులుతున్నాయి. ఇదొక్కటే కదలడం లేదు.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో అక్క కొమురవ్వ, ఆమెతో మళ్ళలో పనిచేసే ఓదెలు ఒకే బల్ల దగ్గర కనిపించారు. ఓదెలు నిరుడు దాకా గాలి చూసే మనిషి. పోస్టు పోయాక పుట్టగొడుగులు కోసే పనికి వచ్చాడు. మహా గొప్ప ఉద్యోగి ఏమీ కాదు. సెన్సర్ పనిచేసే రోజుల్లో గ్యాలరీల వెంట నడవకుండానే నడిచినట్టు రాసి, పంపు గదిలో పేకాడుతూ రెండుసార్లు దొరికాడు. పోస్టులు తీసేసేటప్పుడు బోర్డు ఆ రెండు మెమోలనే చూపించింది. కానీ సెన్సర్ మూగబోయిన రోజు మాత్రం నడిచేవాడు. అదీ రికార్డులో ఉంది. ఎందుకని అప్పట్లో అడిగితే, "మా ఇంటిది రాజవ్వ లోపల ఉంటది. మళ్ళ నాకు బువ్వ ఎవలు పెడతరు?" అన్నాడు.

"తల పగిలిపోతాంది చెల్లె," అంది అక్క. "పొద్దంత వంగి కోసుడు, లేస్తే కండ్లు తిరుగుడు."

"ఎప్పటి సంది?"

"నీ కొత్త మిషిని వచ్చినకాడి నుంచి."

ఓదెలు జావ గ్లాసు దించాడు. "మీ అక్కకు పని చెయ్యబుద్ధి గాక నొప్పంటాంది గని, మిషిని మంచిదే సరోజనా. నాలెక్క పేకాడదు."

"నీకు నొస్తలేదా?"

"నాకు తలకాయ ఉంటే గదా నొచ్చేది."

అక్క నవ్వింది. అతనూ నవ్వాడు. నవ్వుతూ దగ్గాడు, చాలాసేపు దగ్గాడు.


నమోదు 3
సోమవారం

స్టోర్ నుంచి చేతి మీటరు తీసుకుని ఏడో గ్యాలరీకి వెళ్ళాను.

మళ్ళు మెట్లు మెట్లుగా ఉంటాయి. అన్నిటికన్నా కింది మడి గాలి తలుపుకన్నా లోతులో ఉంటుంది. ఈ వాయువు మామూలు గాలికన్నా బరువు, కిందికి దిగి కూర్చుంటుంది. పై మడిలో కొలత 0.9. కింది మడిలో 2.6. మేం పెట్టుకున్న హద్దు 0.5. ఆ సమయానికి సర్వీసు తెర మీద అంకె 0.4.

గదికి వచ్చి 2.6ను నా చేత్తో సర్వీసుకు ఇవ్వబోయాను. కమ్మరి జవాబు:

"కొలత పరికరం నుంచి రావాలి. ఇది మనిషి నుంచి వచ్చింది. తీసుకోను."

"బాగానే ఉంది" గొడవ తర్వాత వేణుమాధవ్ పెట్టిన షరతు అది. మనిషి చేతి కొలత ఇక ఎన్నడూ లోపలికి రాకూడదని. సెన్సర్ చచ్చిపోయి చెప్పే అబద్ధానికి సరైన రకం ఉంది. నేను చూసి వచ్చిన నిజానికి రకం లేదు.

చైర్మన్ దగ్గరికి వెళ్ళాను. వేణుమాధవ్ కూడా వచ్చారు. నరహరి గారు మర్యాదగానే కూర్చోమన్నారు, టీ తెప్పించారు.

"పచ్చ గీత వచ్చిందా, రాలేదా?"

"వచ్చింది సార్."

"తప్పుంటే అది కట్టనియ్యదని మీరే గదా బోర్డుకు చెప్పింది?"

"రకం తప్పయితే కట్టనియ్యదు. అబద్ధమైతే కట్టనిస్తది. అంకె ఉన్నకాడ అంకె ఉందా అనే చూస్తది. ఆ అంకె ఇయ్యాల్టిదా, పోయిన నెలదా అని అది చూడదు."

"మరి అది కూడ చూసేటట్టు చెయ్యండి."

"చేసిన. సార్ తీసేసిండ్రు."

వేణుమాధవ్ టీ కప్పులోకి చూస్తూ, "అప్పుడు గడువు దగ్గర పడ్డది సార్. కొత్త సెన్సర్‌కు ఇండెంట్ పెట్టినం," అన్నారు.

"ఎప్పుడొస్తది?" అని నరహరి గారు అడిగారు.

"వానాకాలం లిఫ్టుకు."

పైకి పోయే లిఫ్టు వానలు పడ్డ రెండు నెలలే నడుస్తుంది. మిగతా కాలం పైన మనిషి నిలబడలేడు. వానలకు ఇంకా నాలుగు నెలలుంది.

"అప్పటిదాకా మళ్ళు మూసెయ్యండి," అన్నాను. "లేకుంటే తలుపు చేత్తో తెరిచే లివర్‌కు సీలు తీయించండి. లేకుంటే రోజూ చూడనీకి ఒక మనిషిని పెట్టండి. మూడిట్ల ఏదో ఒకటి."

నరహరి గారు మూడింటికీ ఒక్కొక్కటిగా జవాబిచ్చారు. మళ్ళు మూస్తే గనిలో సగం కూర ఉండదు. లివర్‌కు సీలు తీస్తే రేపు ప్రతి గ్యాలరీ వాళ్ళూ తీయమంటారు. మనిషిని పెడితే పోస్టులు ఎందుకు తీసేశారని అడుగుతారు.

ఆ మూడో జవాబు మాత్రం ఆయన కావాలని చెప్పినట్టు లేదు, నోరు జారినట్టుంది. ఉన్నదున్నట్టు ఇక్కడ రాశాను.

మళ్ళ మేస్త్రీని కలిసి కింది మడిలోకి ఎవరినీ దించవద్దని చెప్పాను. నోటితో చెప్పింది చెల్లదు, ఆర్డరు తెమ్మన్నాడు. ఓదెలుకు కూడా చెప్పాను. "కింది మడి కొయ్యకుంటే హాజరు వెయ్యరు సరోజనా," అన్నాడు. "గాలి బాగ లేదని నాకూ తెలుస్తాంది. ఎవలికి చెప్పుకోవాలె? చెప్పుకునే పోస్టు నాదే ఉండె. తీసేసిరి."


నమోదు 4
గురువారం, రెండో షిఫ్టు

ఓదెలు చనిపోయాడు.

పొద్దున కింది మడిలో కొత్త గడ్డి వేశారు. పచ్చి గడ్డి మగ్గేటప్పుడు వాయువు ఎక్కువ వదులుతుంది. అది పరచడానికి ఓదెలు దిగాడు. పై మడిలో ఉన్న అక్క పిలిస్తే పలకలేదు. చూస్తే గడ్డి మీద బోర్లా పడి ఉన్నాడు. లేపడానికి మల్లేశం అనే కుర్రవాడు దిగి, అతనూ పడిపోయాడు. మూడో మనిషి దిగబోతే అక్క కాళ్ళు పట్టుకుని ఆపింది. మాస్కులు పెట్టుకున్న రెస్క్యూ వాళ్ళు ఇద్దరినీ పైకి లాగారు. మల్లేశం ఆసుపత్రిలో ఉన్నాడు, మాట్లాడుతున్నాడు. ఓదెలును పైకి తెచ్చేటప్పటికే ప్రాణం లేదు.

రెస్క్యూ వాళ్ళ మీటరులో కింది మడి కొలత 11.

సర్వీసు తెర మీద 0.4.

కబురు తెచ్చిన నఫీజ్ గుమ్మంలో నిలబడి, ఎడమచేత్తో కుడి బొటనవేలిని రుద్దుకుంటూ ఉన్నాడు. వెళ్ళి కూర్చోమన్నాను. కూర్చోలేదు.


నమోదు 5
బుధవారం

విచారణ నివేదిక వచ్చింది. ఒకటిన్నర పేజీ. ముఖ్యమైన వాక్యం ఇది: "ఘటన సమయంలో గాలి సర్వీసు నిర్దేశించిన రకాలకు లోబడి, ఎటువంటి లోపం లేకుండా పనిచేసింది."

నాలుగుసార్లు చదివాను. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. నిర్దేశించింది ఎవరో లేదు. చనిపోయిన మనిషి పేరు కూడా లేదు. "ఏడో గ్యాలరీ, ముప్పయ్యొకటో ఇంటి నివాసి ఒకరు" అని ఉంది. కారణం: "నిషేధిత మడిలోకి స్వయంగా దిగడం." ఆ మడిని ఎవరూ నిషేధించలేదు. నిషేధించమని నేను అడిగాను, ఆర్డరు తెమ్మన్నారు.

నివేదిక మీద వేణుమాధవ్ సంతకం, దాని కింద చైర్మన్ సంతకం ఉన్నాయి.

నేను నల్ల తెర ముందు కూర్చున్నాను. ఏడో గ్యాలరీ కొలత రకాన్ని మళ్ళీ "సంఖ్య, కాకపోతే ఖాళీ" చేశాను. ఒక్క ఏడే కాదు, అన్ని గ్యాలరీలకూ అలాగే చేశాను. పాత అంకెను మళ్ళీ ఇచ్చే వరుసలు తీసేశాను. చేతి మీటరు కొలతకు ఒక రకం పెట్టాను, చూసిన మనిషి పేరుతో సహా. "పంపాల్సిన మనిషి" అని ఇంకో రకం పెట్టాను. దానికి మూడు షరతులు: జనాభా పట్టికలో పేరుండాలి, బతికి ఉండాలి, ఆ షిఫ్టులో డ్యూటీలో ఉండాలి.

కమ్మరి అనుకున్నట్టే అడిగింది: "కొలత ఖాళీ అయితే ఏ మనిషిని పంపాలి? జవాబు లేదు. కట్టను."

కట్టకు, అనుకున్నాను. నడుస్తున్న సర్వీసును ఆపేశాను. ఆపడానికి ఒక్క వేలిముద్ర చాలు. అది నాదే.

సర్వీసు ఆగితే గాలి తలుపులు స్ప్రింగుతో వాటంతటవే తెరుచుకుంటాయి. కట్టినవాళ్ళు అలా కట్టారు. వాళ్ళెవరో గాని వాళ్ళకు నమస్కారం. ఫ్యాన్లన్నీ పూర్తి వేగంతో తిరిగాయి. ప్రతి గ్యాలరీకీ గాలి వచ్చింది. దానికి కరెంటు చాలా కావాలి. బోర్డు గదుల చల్లదనం ముందు ఆగింది, తర్వాత సగం దీపాలు ఆరాయి. బ్యాటరీ నిల్వ శనివారం దాకా వస్తుంది.

వేణుమాధవ్ పరుగెత్తుకుంటూ వచ్చారు.

"ఏం చేసినవు? నీ నౌకరి పోతది, తెలుసా?"

"పోనియ్యండి."

"పాతది మళ్ళ నిలబెడతా. జరుగు."

"నిలబెట్టుకోండి. రెండో వేలు కావాలె."

ఆయన నఫీజ్ వైపు తిరిగారు. నఫీజ్ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు. "నా లీవు కాగితం చింపేసుకోండి సార్," అన్నాడు.

వేణుమాధవ్ దుర్మార్గుడని రాయడం తేలిక. ఏడాదిగా ఆయన రోజుకు రెండు షిఫ్టులు చేస్తున్నారు. గడువు దాటితే మా గదినే ఎత్తేస్తామని బోర్డు బెదిరించిన మాట నిజం. ఇవన్నీ తెలిసే చెబుతున్నాను, నాకు ఆయన మీద కోపం తగ్గలేదు. కమ్మరి ఆయనను ఒక్క ప్రశ్న అడిగింది. జవాబు కష్టమని ఆయన ప్రశ్నను చెరిపేశారు. చెరిపేసిన ఆ ప్రశ్న వాయువులాగే ఓదెలు ఉన్న మడిలోకి దిగింది.


నమోదు 6
శుక్రవారం, మొదటి షిఫ్టు ముగిశాక

బడి హాల్లో బోర్డు అత్యవసర సమావేశం. సగం దీపాలే ఉన్నాయి. మనుషులు మాత్రం నిండా ఉన్నారు. ఏడో గ్యాలరీ వాళ్ళు ముందు వరుసల్లో కూర్చున్నారు. ఓదెలు భార్య రాజవ్వ మా అక్క పక్కన ఉంది.

నల్ల తెరను గోడ మీద అందరికీ కనిపించేలా పెట్టమని అడిగాను, పెట్టారు. కమ్మరి ప్రశ్న గోడంత అక్షరాల్లో ఉంది.

నరహరి గారు చట్టం గురించి, క్రమశిక్షణ గురించి మాట్లాడారు. తర్వాత నన్ను చూసి, "రేపటికి బ్యాటరీలు అయిపోతయి. సర్వీసు నిలబెట్టనీకి నీకేం కావాలె?" అన్నారు.

"నాకేమొద్దు సార్. గోడ మీద రాసి ఉంది. అది అడిగినదానికి జవాబు కావాలె."

"అంతేనా?" ఆయన ఊపిరి తేలిగ్గా వదిలి కీబోర్డు దగ్గరికి వచ్చారు. నిలబడే కొట్టారు: "సంబంధిత సిబ్బంది."

"ఇది మనిషి పేరు కాదు. కట్టను."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన చెరిపి మళ్ళీ కొట్టారు: "వెంటిలేషన్ విభాగం."

"ఇది మనిషి పేరు కాదు. కట్టను."

"మనిషి పేరే కావాల్నట సార్," అన్నాడు నఫీజ్. "దానికి హోదాలు తెల్వయి."

నవ్వులు పెరిగాయి. నరహరి గారి మెడ ఎర్రబడింది. "సరే, పేరే రాద్దాం. గాలి చూసే పనోళ్ళు పాతోళ్ళు ఉన్నరు గదా. తాత్కాలికంగా ఒకరిని తీసుకుందాం. నెలనెలా అర్జీ పట్టుకొని నా ఆఫీసు చుట్టు తిరిగెటోడు... ఏం పేరు... ఆఁ, ఓదెలు."

నేను ఆపలేదు. ఆపగలిగేదాన్ని. వేణుమాధవ్ సగం లేచి మళ్ళీ కూర్చున్నారు.

ఆయన పేరు కొట్టారు.

"ఓదెలు బతికి లేరు. కట్టను."

హాల్లో నవ్వులు ఆగిపోయాయి. రాజవ్వ లేచి నిలబడింది. గొంతు పెంచలేదు.

"మొన్ననే పోయిండు సారూ. నువ్వు కొలువు తీసేస్తెనే గుంతల దిగిండు. ఇప్పుడు కొలువిచ్చి మళ్ళ దింపుతవా?"

"నాకు... నివేదికలో పేరు లేదమ్మా," అన్నారు నరహరి గారు.

అది నిజం. ముప్పయ్యొకటో ఇల్లు అని మాత్రమే ఉంది. ఆ నిజం విన్నాక నా కోపం ఇంకా పెరిగింది. ఒక మనిషి చనిపోయిన కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు ఎవరు అని అడగాలన్న ఆలోచనే ఆయనకు రాలేదు.

అప్పుడు వేణుమాధవ్ లేచారు. "ఖాళీ అన్న మాట తీసేసింది నేను," అన్నారు. "సరోజన వద్దన్నది. విచారణ నివేదికల అది నేను రాయలేదు. ఇప్పుడు చెప్తున్న." ఇంకేదో చెప్పబోయారు. "కూసో సారూ, నీ మాట రాసుకున్నం," అంది మా అక్క. ఆయన కూర్చున్నారు.

ఆ తర్వాత పని త్వరగా అయింది. ప్రతి షిఫ్టుకూ ముగ్గురు గాలి చూసే మనుషులు ఉండాలని తీర్మానం రాశారు. ఎనిమిది మంది చేతులెత్తారు. మాస్కు వాడకం, మీటరు వాడకం నేర్పడానికి వారం పడుతుందని రెస్క్యూ వాళ్ళు చెప్పారు. అవి వచ్చినవాళ్ళు ఇప్పుడున్నది ఆరుగురే, వాళ్ళు రెండో షిఫ్టుకూ మూడో షిఫ్టుకూ సరిపోతారు. మొదటి షిఫ్టుకు ఎవరూ లేరు.

"చైర్మన్ సారుకు మాస్కు వాడుడు వస్తది," అంది అక్క. "ప్రతి ఏడాది వార్షికోత్సవంల పెట్టుకొని ఫోటో దిగుతడు. ఆయన పేరు రాయుండ్రి."

చప్పట్లు పడ్డాయి. నరహరి గారు బోర్డు సభ్యుల వైపు చూశారు. వాళ్ళు గోడ వైపు చూస్తున్నారు. ఆయన తన పేరు తానే కొట్టుకున్నారు.

"నరహరి డ్యూటీలో లేరు. కట్టను."

ఈసారి హాలంతా నవ్వింది. రాజవ్వ నవ్వలేదు. నఫీజ్ డ్యూటీ చార్టు తెచ్చి ఆయన ముందు పెట్టాడు. "మొదటి షిఫ్టు గడిల పేరు రాసి సంతకం పెట్టాలె సార్. అప్పుడు ఒప్పుకుంటది." ఆయన పెట్టారు.

"అన్ని రకాలు కుదిరాయి."

మొదటి వేలిముద్ర నఫీజ్ వేశాడు. రెండోది నేను వేశాను.


నమోదు 7
సోమవారం, మొదటి షిఫ్టు

షిఫ్టు మొదలైన కాసేపటికే ఏడో గ్యాలరీ కొలత ఖాళీ అని వచ్చింది. సర్వీసు పుట్టగొడుగుల మళ్ళ ముందున్న ఎర్ర దీపం వెలిగించి, తలుపు పూర్తిగా తెరిచి, చైర్మన్ గదిలో గంట మోగించింది. ఆయన మాకు ఫోన్ చేశారు.

"బోర్డు మీటింగు ఉంది. అర్ధగంట ఆగొచ్చా?"

"మీ ఇష్టం సార్. మీరు చూసి చెప్పేదాకా మళ్ళల్లకు ఎవరూ పోరు. బయట కూసున్నరు."

నేను అక్కడికి వెళ్ళేటప్పటికి కోత పనివాళ్ళంతా గోడ వెంబడి కూర్చుని ఉన్నారు. నడుముకు తట్టలు కట్టుకుని, కొడవళ్ళు ఒళ్ళో పెట్టుకుని. ఆసుపత్రి నుంచి వచ్చిన మల్లేశం కూడా ఉన్నాడు.

నరహరి గారు వచ్చారు. మీటరు, దీపం ఇచ్చాను. మాస్కును ఆయన చేతిలో పట్టుకున్నారు. పెట్టుకోండి అన్నాను. పై మడి దాకా అక్కర్లేదులే అన్నారు. రెస్క్యూ మనిషి ఒకరు తాడు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. చైర్మన్ పై మడి దాటి రెండో మడి మెట్టు మీదికి దిగారు. మీటరు కిందికి వంచి చూశారు. అక్కడే ఆగి మాస్కు కోసం తడుముకున్నారు. పట్టీ చెవికి చిక్కుకుంది. మాస్కు పెట్టుకోకుండానే వెనక్కి తిరిగి, గబగబా మెట్లెక్కి వచ్చేశారు.

బయటికి వచ్చి గోడకు చేయి ఆనించి వంగిపోయారు. మొహమంతా చెమట. మీటరు నా చేతికిచ్చారు. 1.8.

"లోపల ఊపిరి ఆడ్తలేదు," అన్నారు.

రాజవ్వ కూర్చున్నచోటి నుంచే తలెత్తి చూసింది.

"తెలుసు సారూ," అంది.